సమరవిలేఖరి రస్సెల్

రణరంగమున పోరాడువానికి ఖడ్గము ఆయుధము. ఆ పోరును లోకమునకు తెలుపువానికి కలమే ఆయుధము. అట్టి కలముతో సేనానాయకులకు సైతము జంకు పుట్టించినవాడు విలియం హోవర్డ్ రస్సెల్.

ఈతడు ఐర్లండు దేశమున డబ్లిను నగర సమీపమున జన్మించెను. లండను టైమ్సు పత్రికలో విలేఖరియై, 1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, తురుష్క రాజ్యములు ఏకమై రష్యాతో సాగించిన క్రిమియా యుద్ధమునకు పంపబడెను. అంతకు పూర్వము యుద్ధవార్తలు పెక్కు సేనాధిపతుల నివేదికల వలననే ప్రజలకు తెలియుచుండెడివి. రస్సెల్ శిబిరములలో స్వయముగా తిరిగి, కన్నది కన్నట్లు వ్రాయసాగెను.

1854 అక్టోబరు 25న బాలక్లావాలో, స్పష్టత లేని ఒక ఆజ్ఞ కారణముగా ఆరువందలకు పైబడిన ఆశ్వికులు శత్రువుల ఫిరంగుల కెదురేగిరి. కొండపైనుండి చూచిన రస్సెల్ వారి శౌర్యమును, ఆ వ్యర్థ ప్రాణనష్టమును గూడ వర్ణించెను. నవంబరు 14 నాటి తుపానులో చలిదుస్తులు తెచ్చిన ప్రిన్సు అను ఓడ మునిగిపోయెను. రేవునుండి శిబిరమునకు పోవు బాట బురదమయమగుటచే, రేవునకు చేరిన సరుకు సైతము సైనికున కందదాయెను. శత్రువుల ఆయుధములకన్న కలరా మున్నగు వ్యాధులే ఎక్కువమందిని బలిగొనెను. రస్సెల్ ఈ దుఃస్థితిని దాచక వ్రాసెను. సంపాదకుడు డిలేన్ వెఱవక ప్రకటించెను.

సర్వసేనాని రాగ్లన్ ప్రభువు పిరికివాడు కాడు; వాటర్లూ యుద్ధమున కుడిచేయి కోల్పోయిన శూరుడు. కాని స్వీయశౌర్యము వేఱు, వేలమంది అన్నవస్త్రములు విచారించుట వేఱు. పత్రికావార్తలు శత్రువునకు తోడ్పడుచున్నవని అతడు ఫిర్యాదు చేసెను. ఆ మాట కొట్టివేయదగినది కాదు. సేనల ఉనికిని తెలుపు పత్రిక శత్రువు చేతికిని పోవును గదా! అయినను, సైనికుని ఆకలిని దాచినంతమాత్రమున అది తీరదు.

నైటింగేల్ బృందము రోగుల సేవకై తరలుటకు టైమ్సు వార్తలు ప్రేరణమయ్యెను. ప్రజాగ్రహము పెరిగి, 1855 ఆరంభమున అబెర్డీన్ మంత్రివర్గము కూలెను. 1856లో శత్రువున కుపకరించు వార్తలను నిషేధించు సైనికోత్తరువు వెలువడెను.

1858లో రస్సెల్ భారతదేశమునకు వచ్చి లక్నో పతనమును చూచెను. విజేతలు తన ప్రభుత్వపు సేనలే యైనను, వారు విచక్షణ లేక సాగించిన ప్రతీకారమును గర్హించెను. 1861లో అమెరికా అంతర్యుద్ధమున బుల్‌రన్ వద్ద ఉత్తరసేన పలాయనమును వర్ణించి, ఆ పక్షము వారి ద్వేషమునకు గురియై, మరుసటి యేడు ఆ దేశమును వీడెను.

1895లో ఈతనికి సర్ బిరుదము లభించెను. 1907 ఫిబ్రవరి 10న కీర్తిశేషుడయ్యెను.

సేనాని కీర్తిని కాపాడుట, సైనికుని ప్రాణమును కాపాడుట యను రెంటిలో రస్సెల్ రెండవదానినే ఎన్నుకొనెను. నాయకుని లోపమును చూపుట దేశద్రోహము కాదు. దానిని కప్పిపుచ్చినచో మూల్యము చెల్లించువాడు కందకములోని సామాన్య సైనికుడే. పత్రిక చేతబట్టు ప్రతి పాఠకుడును స్మరింపదగిన చరితమిది.