దారం తెగితే ఆగే మగ్గం

సకిచి టొయోడా పేరు మనలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆ ఇంటిపేరులో ఒక్క అక్షరం మారిన కార్లు మాత్రం రోజూ రోడ్డు మీద చూస్తూనే ఉంటాం. నేను ఆయన గురించి చదివింది కార్ల కోసం కాదు. మా ప్రాజెక్టుకి క్లౌడ్‌లో సీఐ/సీడీ పైప్‌లైన్ పెడుతూ, ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందా అని వెతుక్కుంటూ పోతే చివరికి ఒక చెక్కమగ్గం దగ్గర తేలాను.

ఆయన 1867లో జపాన్‌లోని ఇప్పటి షిజుఓకా ప్రాంతంలో, యమగుచి అనే పల్లెలో పుట్టారు. తండ్రి వడ్రంగి. కొడుకూ ఆ పనే నేర్చుకున్నాడు గానీ, మనసంతా ఊళ్లో ఆడవాళ్లు ఇళ్లలో నేసే మగ్గాల మీదే. 1890లో టోక్యోలో పారిశ్రామిక ప్రదర్శన పెడితే రోజూ వెళ్లి యంత్రాల ముందే కూర్చునేవారట. మరుసటి ఏడాదే మొదటి పేటెంటు వచ్చింది. రెండు చేతుల పనిని ఒక చేత్తో చేయగలిగే చెక్కమగ్గం అది. పేరొచ్చింది గానీ డబ్బు రాలేదు. 1894లో కొడుకు కియిచిరో పుట్టిన కొద్ది కాలానికే మొదటి భార్య ఇల్లు వదిలి వెళ్లిపోయింది. కనిపెట్టేవాళ్ల జీవితకథల్లో ఈ ముక్కని ఎందుకో ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు, నేను కూడా అదే చేస్తున్నాను.

అసలు విషయం 1896 నాటి మరమగ్గంలో ఉంది. తనంతట తాను ఆగే ఏర్పాటు లేని మరమగ్గంలో పేక దారం తెగినా నాడె ఊరికే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, గుడ్డ పాడవుతూనే ఉంటుంది. అందుకే దాన్ని కనిపెట్టుకుని మనిషి నిలబడాలి. సకిచి మగ్గం మాత్రం పేక తెగగానే తనంతట తాను ఆగిపోతుంది. అప్పుడిక మనిషి పని కాపలా కాయడం కాదు, ఆగిన మగ్గం దగ్గరికెళ్లి బాగుచేయడం. ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోవచ్చు.

మన పైప్‌లైన్ చేసేది కూడా ఇదే కదా! కోడ్ పుష్ చేస్తే బిల్డ్, టెస్టులు, కంటైనర్ ఇమేజ్, స్టేజింగ్, ఆ తర్వాత ప్రొడక్షన్. ఏ స్టెప్ అయినా సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇచ్చిందా, తర్వాతివి నడవవు. మా టీమ్‌లో దీని మీదే పెద్ద గొడవ. డెమో ముందు రోజు ఒక టెస్టు ఫెయిలై రిలీజ్ ఆగింది. "ఆ స్టెప్ తీసేయరా, రేపు చూసుకుందాం" అని ఇద్దరు. తీయనని నేను. యామల్ ఫైల్‌లో కంటిన్యూ-ఆన్-ఎర్రర్ అని ఒక్క లైను రాస్తే చాలు, పచ్చ టిక్ వచ్చేస్తుంది. కానీ అది దారం తెగినా తిరిగే మగ్గమే. రాత్రి పదకొండింటికి బగ్ దొరికింది, తేదీల ఫార్మాట్‌లో.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. పరీక్షకి నూలు నాసిగా ఉంటే, తప్పు మగ్గానిదో దారానిదో తేలదు. అందుకని సకిచి మంచి నూలు కోసం 1914లో ఏకంగా సొంతంగా వడకడమే మొదలుపెట్టారు! నిజమైన మిల్లులో నడిపి చూడకుండా యంత్రాన్ని అమ్మకూడదన్నది ఆయన పట్టుదల. స్టేజింగ్‌లో డమ్మీ డేటా పెట్టి మురిసిపోయే మనం ఇది చదవాలి.

అలాగని జీవితం సాఫీగా ఏమీ సాగలేదు. 1907లో పెట్టిన కంపెనీ నుంచి 1910లో తప్పుకోవాల్సి వచ్చింది. ప్రయోగాలకి ఖర్చు ఎక్కువవుతోందని తోటివాళ్ల కంప్లైంటు. అమెరికా, యూరప్ తిరిగొచ్చి 1911లో నగోయాలో మళ్లీ మొదలుపెట్టారు. 1924కి జీ-టైప్ మగ్గం తయారైంది. వేగంగా నడుస్తుండగానే, ఆపకుండా నాడె మారుతుంది. పడుగు తెగినా, పేక తెగినా ఆగుతుంది. అవసరమైతేనే ఆగడం, లేకపోతే ఆగకపోవడం. మన రోలింగ్ అప్‌డేట్ కోరుకునేదీ అదే.

1929లో ఇంగ్లాండుకి చెందిన ప్లాట్ బ్రదర్స్ ఆ పేటెంటు హక్కులు కొన్నది. 1930లో సకిచి చనిపోయారు. కియిచిరో కార్ల వైపు వెళ్లాడు, 1937లో టొయోటా మోటార్ ఏర్పడింది. అక్కడ తయీచి ఓనో మగ్గం సూత్రాన్ని అసెంబ్లీ లైనుకి తెచ్చారు. లోపం కనిపిస్తే కార్మికుడే తాడు లాగి లైన్ ఆపొచ్చు. దీన్ని జిదోకా అంటారు. జపనీస్‌లో ఆటోమేషన్ అనే మాట తీసుకుని, మధ్యలోని కదలిక అక్షరానికి మనిషి గుర్తు చేర్చి ఈ జిదోకాని రాస్తారు.

నగోయాలో ఆయన మిల్లు ఉన్న చోటే ఇప్పుడు మ్యూజియం ఉంది. జీ-టైప్ మగ్గాన్ని అక్కడ ఇప్పటికీ నడిపి చూపిస్తారు.