విమానం దిగి వెళ్లి సెంచరీ.. డబ్బు లేని రోజుల్లో సికింద్రాబాద్ జైసింహ దేని కోసం ఆడారు?

1968 జనవరి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్. టీమిండియా అప్పటికే వరుసగా రెండు టెస్టులు ఓడిపోయింది. స్పిన్నర్ చంద్రశేఖర్ గాయంతో జట్టుకు దూరమయ్యారు. దాంతో ఆ టూర్‌కు మొదట ఎంపిక చేయని ఓ ఆటగాడిని ఇండియా నుంచి హడావుడిగా పిలిపించారు. ఆయన విమానం దిగారు. అక్కడి పిచ్‌లకు అలవాటు పడటానికి ఒక్క ప్రాక్టీస్ మ్యాచ్ కూడా దొరకలేదు. నేరుగా మూడో టెస్టు బరిలోకి దిగారు.

మొదటి ఇన్నింగ్స్‌లో 74. రెండో ఇన్నింగ్స్‌లో 101. టార్గెట్ 395 అయితే ఇండియా 355 దాకా వెళ్లి ఆగిపోయింది. 39 పరుగుల తేడాతో మ్యాచ్ పోయింది. గెలిచిన ఆస్ట్రేలియా పేరు రికార్డుల్లో ఉంటే, ఓడిన జట్టులోని ఆ బ్యాటర్ పేరు మాత్రం క్రికెట్ అభిమానుల కబుర్లలో ఉండిపోయింది. ఆయనే మన సికింద్రాబాద్‌కు చెందిన ఎంఎల్ జైసింహ.

ఇప్పుడైతే ఒక్క సీజన్ ఐపీఎల్ ఆడితే కోట్లు వస్తాయి. మరి మ్యాచ్ ఫీజు వందల్లో ఉన్న రోజుల్లో, తలకు హెల్మెట్ కూడా లేని కాలంలో, సెలెక్టర్లు పక్కన పెట్టాక కూడా ఒక మనిషి ఎందుకు ఆడాలి? జైసింహ కెరీర్ మొత్తం చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

15 ఏళ్లకే రంజీలోకి..

పూర్తి పేరు మోటగానహళ్లి లక్ష్మీనర్సు జైసింహ. 1939 మార్చి 3న సికింద్రాబాద్‌లో పుట్టారు. బ్రిటిష్ కంటోన్మెంట్‌గా పెరిగిన ఈ ఊళ్లో పరేడ్ గ్రౌండ్, జింఖానా లాంటి పెద్ద పెద్ద మైదానాలు ఉండేవి. క్రికెట్ ఇక్కడ పిల్లలకు కొత్త కాదు. పక్కనే హైదరాబాద్‌లో గులాం అహ్మద్ లాంటి టెస్ట్ ప్లేయర్ ఉండేవారు. ఆటలో పైకి వెళ్లొచ్చు అనడానికి కళ్ల ముందే ఓ ఉదాహరణ అన్నమాట.

1954-55 సీజన్‌లో జైసింహ హైదరాబాద్ తరఫున రంజీ ట్రోఫీలో అడుగుపెట్టారు. అప్పటికి వయసు 15 ఏళ్లే. ఆంధ్ర జట్టుపై తొలి మ్యాచ్‌లోనే 90 పరుగులు చేశారు. బంతితో మూడు వికెట్లు కూడా తీశారు. అలా చిన్న వయసులోనే ఆయన పేరు నలుగురి నోళ్లలో పడింది.

లార్డ్స్‌లో చేదు అనుభవం

1959లో ఇంగ్లండ్ టూర్‌కు పిలుపు వచ్చింది. తొలి టెస్ట్ ఆడింది మామూలు చోట కాదు, లార్డ్స్‌లో. వయసు 20. కానీ రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ రెండంకెల స్కోరు కూడా రాలేదు. ఆ సిరీస్‌లో ఇండియా 0-5తో చిత్తయింది. అదే సిరీస్‌లో హైదరాబాద్‌కే చెందిన అబ్బాస్ అలీ బేగ్ మాంచెస్టర్‌లో అరంగేట్రం చేసి సెంచరీ కొట్టారు. ఒకే నగరం నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు.. ఒకరికి రాత్రికి రాత్రే పేరు, ఇంకొకరికి ఎదురుచూపులు.

ఆ ఎదురుచూపులు ఎక్కువ కాలం సాగలేదు.

ఐదు రోజులూ క్రీజులో కనిపించిన తొలి బ్యాటర్

1960 జనవరి. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ప్రత్యర్థి రిచీ బెనో నాయకత్వంలోని ఆస్ట్రేలియా. జైసింహను బ్యాటింగ్ ఆర్డర్‌లో బాగా కింద పెట్టారు. మొదటి రోజు సాయంత్రం క్రీజులోకి వచ్చి 2 పరుగులతో నాటౌట్‌గా నిలిచారు. రెండో రోజు ఇన్నింగ్స్ ముగిసే సరికి 20 నాటౌట్. మూడో రోజు సాయంత్రం రెండో ఇన్నింగ్స్‌లో మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడి 59 పరుగులు చేశారు. ఐదో రోజు 74 దగ్గర ఔటయ్యారు. మ్యాచ్ డ్రా.

టెస్ట్ క్రికెట్ చరిత్రలో ఒక మ్యాచ్ ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన మొదటి ఆటగాడు జైసింహే. ఆ తర్వాత ఇండియా నుంచి ఈ ఘనత సాధించింది రవిశాస్త్రి, పుజారా మాత్రమే. విశేషం ఏంటంటే ముగ్గురూ ఈడెన్‌లోనే సాధించారు.

అదే ఏడాది చివర్లో కాన్పూర్‌లో పాకిస్తాన్‌పై ఇంకో పరీక్ష. ఇరు జట్లూ ఓటమికి భయపడి ఆడిన సిరీస్ అది. ఐదు టెస్టులూ డ్రానే. కాన్పూర్‌లో జైసింహ ఎనిమిది గంటలకు పైగా క్రీజులో నిలబడ్డారు. తీరా 99 దగ్గర రనౌట్! తొలి సెంచరీకి ఒక్క పరుగు దూరం.

స్టైలిష్ బ్యాటర్ అని పేరున్న మనిషి ఇంత జిడ్డుగా ఆడటం చాలామందికి అర్థం కాలేదు. కానీ స్కోర్‌కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే ఓ విషయం తెలుస్తుంది. జట్టుకు ఏది కావాలో అదే ఆయన ఆడారు. షాట్లు కొట్టాల్సిన రోజు కొట్టారు. నిలబడాల్సిన రోజు నిలబడ్డారు.

తొలి సెంచరీ కోసం మరో ఏడాది ఆగాల్సి వచ్చింది. 1961 డిసెంబర్‌లో ఢిల్లీలో ఇంగ్లండ్‌పై 127 చేశారు. ఆ సిరీస్‌ను ఇండియా 2-0తో గెలిచింది. ఇంగ్లండ్‌పై మనకు అదే మొదటి సిరీస్ విజయం.

ఫీజు వందల్లో.. ప్రమాదం ప్రాణాలతో

ఆ సంబరం ఎన్నో రోజులు నిలవలేదు. వెంటనే వెస్టిండీస్ టూర్. వెస్ హాల్ లాంటి మెరుపు బౌలర్ల కాలం అది. 1962 మార్చిలో బార్బడోస్ జట్టుతో మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలింది. ఎమర్జెన్సీ సర్జరీ చేసి ప్రాణాలు కాపాడారు. ఆయన మళ్లీ టెస్ట్ ఆడలేదు. 21 ఏళ్ల పటౌడీ కెప్టెన్ అయ్యారు. ఇండియా 0-5తో సిరీస్ కోల్పోయింది.

జైసింహ కూడా ఆ టూర్‌లో ఉన్నారు. తమ కెప్టెన్ ఆస్పత్రిలో ఉంటే, అదే బౌలింగ్‌ను ఎదుర్కోవడానికి మిగతావాళ్లు హెల్మెట్ లేకుండానే మైదానంలోకి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి హెల్మెట్లు లేవు. అవి 1970ల చివర్లో గానీ వాడుకలోకి రాలేదు.

మరి ఇంత రిస్క్‌కు దక్కేది ఏంటి? టెస్టుకు కొన్ని వందల రూపాయలు. సెంట్రల్ కాంట్రాక్టులు లేవు, వేలాలు లేవు. ఆ తరం ఆటగాళ్లలో చాలామందికి బ్యాంకులోనో, రైల్వేలోనో, ఏదో కంపెనీలోనో ఉద్యోగం ఉంటేనే ఇల్లు గడిచేది. గాయపడితే చూసుకునే వ్యవస్థ లేదు. జట్టులోంచి తీసేస్తే మళ్లీ పిలుస్తారన్న గ్యారంటీ కూడా లేదు. డబ్బే లెక్కేసుకుంటే ఆ ఆట ఎవరూ ఆడేవారు కాదు.

ఎత్తిన కాలర్ వెనుక..

జైసింహ అనగానే పాతతరం అభిమానులకు మొదట గుర్తొచ్చేది పైకెత్తిన షర్ట్ కాలర్, మెడలో స్కార్ఫ్, నడకలో ఆ దర్జా. అప్పటి కుర్రకారు ఫిదా అయిపోయారు. హైదరాబాద్ నుంచే వచ్చిన అజారుద్దీన్ కూడా తర్వాతి కాలంలో అలాగే కాలర్ ఎత్తి కనిపించారు.

అయితే ఈ స్టైలే ఆయన ఆటను కొంత కప్పేసింది. బ్యాటింగ్ ఓపెన్ చేసేవారు. కొత్త బంతితో మీడియం పేస్ వేసేవారు. ఫీల్డింగ్‌లోనూ చురుగ్గా ఉండేవారు. అయినా కొందరికి ఆయన షోకిలా రాయుడిలాగే కనిపించారు. కోల్‌కతాలో ఐదు రోజులు, కాన్పూర్‌లో ఎనిమిది గంటలు ఆడిన మనిషిని షోకుల కోసం ఆడాడని అనడం మాత్రం న్యాయం కాదు.

ఇండియా కెప్టెన్‌కే కెప్టెన్

జైసింహ ఇండియాకు ఒక్కసారి కూడా కెప్టెన్ కాలేదు. కానీ హైదరాబాద్ జట్టును 16 సీజన్లు నడిపించారు. ఇండియా కెప్టెన్‌గా ఉన్న పటౌడీ రంజీల్లో హైదరాబాద్‌కు ఆడుతూ, జైసింహ నాయకత్వంలోనే మైదానంలోకి దిగేవారు. ఇద్దరి మధ్య స్నేహం కూడా అలాంటిదే.

అన్ని సీజన్లు నడిపించినా రంజీ ట్రోఫీ మాత్రం చేతికి అందలేదు. 1964-65లో హైదరాబాద్ ఫైనల్ దాకా వెళ్లి బొంబాయి చేతిలో ఓడింది. అదే సీజన్‌లో బెంగాల్‌పై జైసింహ 259 పరుగులు కొట్టారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఆయన అత్యధిక స్కోరు అదే. హైదరాబాద్ మళ్లీ రంజీ గెలిచింది 1986-87లో. అప్పటికి ఆయన ఆట మానేసి పదేళ్లు దాటింది.

గవాస్కర్ కొడుకు పేరులో..

1971 వెస్టిండీస్ టూర్ జైసింహకు చివరిది. బ్యాట్ నుంచి పెద్ద స్కోర్లు రాలేదు. కానీ వెస్టిండీస్‌పై ఇండియా తొలిసారి సిరీస్ గెలిచిన ఆ జట్టులో ఆయన ఉన్నారు. 0-5 చూసిన మనిషి అదే గడ్డపై విజయం కూడా చూసి ఆట ముగించారు. ఆ టూర్‌లోనే అరంగేట్రం చేసిన కుర్రాడు సునీల్ గవాస్కర్‌కు జైసింహ అంటే ఎంత అభిమానమంటే, కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నారు. రోహన్ కన్హాయ్, జైసింహ, విశ్వనాథ్.. ముగ్గురి పేర్లూ అందులో కలిశాయి.

మొత్తం 39 టెస్టులు, 2,056 పరుగులు, 3 సెంచరీలు. సగటు 30కి కాస్త ఎక్కువ. ఈ అంకెలు మాత్రమే చూసే ఇప్పటి కుర్రాళ్లకు జైసింహ గొప్పేంటో అర్థం కాకపోవచ్చు.

ఆ తర్వాత ఆయన జాతీయ సెలెక్టర్‌గా పనిచేశారు. 1985లో శ్రీలంక వెళ్లిన ఇండియా జట్టుకు మేనేజర్‌గా ఉన్నారు. ఇద్దరు కొడుకులూ హైదరాబాద్‌కు ఆడారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1999 జులైలో సికింద్రాబాద్ సైనిక్‌పురిలో కన్నుమూశారు. వయసు 60.

మళ్లీ బ్రిస్బేన్ దగ్గరికే వద్దాం. టూర్‌కు మొదట వద్దనుకున్నారు. వేరొకరు గాయపడితే పిలిచారు. సిరీస్‌లో జట్టు వెనకబడి ఉంది. ప్రాక్టీస్ లేదు, పెద్దగా డబ్బూ రాదు. ఇన్ని సాకులు చేతిలో ఉన్నా జైసింహ ఒక్కటీ వాడుకోలేదు. అవకాశం ఎలా వచ్చిందన్నది చూడలేదు. వచ్చిందా లేదా అన్నదే చూశారు. ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్‌కు వెళ్లారు.