వారసత్వం అడిగిన ఏడేళ్ల బాబు

ఎక్స్‌కర్షన్‌కి వెళ్లాలంటే స్కూల్ నుంచి ముందు మీ ఇంటికి ఒక కాగితం వస్తుంది. మీరు సంతకం పెడితేనే బాబు గానీ పాప గానీ బస్ ఎక్కుతారు. ఈ పద్ధతి మనకి ఎంత అలవాటంటే, సంతకం పెట్టేటప్పుడు పూర్తిగా చదవం కూడా. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని చేర్చుకోకూడదనే నియమం బౌద్ధ సంఘంలో సుమారు 2,500 ఏళ్ల కిందటే వచ్చింది. అది రావడానికి కారణమైన పిల్లవాడు బయటివాడు కాదు, బుద్ధుడి సొంత కొడుకు రాహులుడు.

మీ పిల్లల సోషల్ పుస్తకంలో రాహులుడు ఒక్క వాక్యంలో వస్తాడు. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి తల్లి పక్కన నిద్రపోతున్న పసికందుగా కనిపించి, అక్కడే మాయమైపోతాడు. ఆ తర్వాత ఏమయ్యాడని పిల్లలెవరైనా అడిగితే మీరేం చెబుతారు? పాళీ భాషలోని వినయపిటకంలో, మజ్ఝిమ నికాయంలో, తర్వాతి కాలపు అట్టకథల్లో, జాతక కథల్లో అక్కడక్కడా అతని సంగతులు ఉన్నాయి. అవన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే ఒక పిల్లవాడి బాల్యం చాలావరకు తెలుస్తుంది.

జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు మొదటిసారి కపిలవస్తుకి వచ్చేనాటికి రాహులుడికి ఏడేళ్లు. తండ్రిని చూడటం అదే మొదలు. యశోధర కొడుకుని ముస్తాబు చేసి, అదుగో ఆయనే మీ నాన్న, వెళ్లి నీ వారసత్వం అడుగు అని పంపింది. పిల్లవాడు వెళ్లి తండ్రి పక్కన నిలబడ్డాడు. నాన్నా, నీ నీడ కూడా చల్లగా ఉందన్నాడట. బుద్ధుడు ఏమీ అనకుండా లేచి నడక సాగిస్తే, వారసత్వం ఇమ్మని అడుగుతూ వెంటపడ్డాడు. తన దగ్గర రాజ్యం లేదు, నిధి లేదు, ఉన్నది తాను కనుక్కున్న దారి ఒక్కటే. అదే ఇద్దామనుకుని, పిల్లవాడికి దీక్ష ఇమ్మని శిష్యుడు సారిపుత్తుడికి చెప్పాడు. అలా రాహులుడు చిన్న సన్యాసి అయ్యాడు. బౌద్ధులు ఇలాంటి పిల్లల్ని సామణేరులంటారు.

ఇది విని తాత శుద్ధోదనుడు కుప్పకూలిపోయాడు. కొడుకు వెళ్లిపోయాడు, రెండో కొడుకు నందుడు వెళ్లిపోయాడు, ఇప్పుడు మనవడు. ఆయన బుద్ధుడి దగ్గరికి వచ్చి కోప్పడలేదు. బిడ్డ మీది ప్రేమ చర్మం దగ్గర ఆగదని, ఎముకలోని మూలుగ దాకా కోస్తుందని చెప్పుకుని, ఇకనుంచి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లవాడినీ చేర్చుకోవద్దని కోరాడు. బుద్ధుడు వెంటనే ఒప్పుకుని నియమం పెట్టాడు. మనవడిని మాత్రం వెనక్కి ఇవ్వలేదు, తాత అడగనూ లేదు. ఆ ముసలాయన తన బాధకి విరుగుడు అడగలేదు, ఇంకో ఇంట్లో ఆ బాధ రాకూడదనే అడిగాడు. ఈ కథలో నాకు అందరికంటే పెద్దగా కనిపించేది ఆయనే.

అదే వినయపిటకంలో ఇంకో ఇంటి కథ ఉంది, కాస్త పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేను. రాజగృహంలో ఉపాలి అనే అబ్బాయి అమ్మానాన్నలు వాడి భవిష్యత్తు గురించి కూర్చుని మాట్లాడుకుంటారు. రాతపని నేర్పిస్తే వేళ్లు నొప్పి పుడతాయి. లెక్కలు నేర్పిస్తే గుండెల్లో నొప్పి వస్తుంది. నాణేల పని నేర్పిస్తే కళ్లు పాడవుతాయి. భిక్షువులైతే హాయిగా తిని, గాలి తగలని చోట పడుకుంటారు కదా, అందులో చేర్పిద్దాం అనుకుంటారు. ఉపాలి తోటివాళ్లని కూడగట్టుకుంటే పదిహేడు మంది పిల్లలు తయారయ్యారు. అందరి ఇళ్లలోనూ అనుమతి దొరికింది. ఆ రాత్రే తెల్లవారకముందు లేచి గంజి కావాలని, అన్నం కావాలని ఏడుపు మొదలుపెట్టారు, పక్కలు తడిపారు. బుద్ధుడికి ఆ ఏడుపు వినిపించింది. ఎండ, చలి, ఆకలి, కటువైన మాట ఓర్చుకోలేని వయసులో పూర్తి దీక్ష ఇవ్వడం తప్పని, దానికి ఇరవై ఏళ్లు నిండాలని నియమం చేశాడు. సామణేర దీక్షకి మాత్రం పదిహేను చాలన్నారు. తర్వాత ఒక కుటుంబంలో పెద్దలంతా జబ్బుతో పోయి ఇద్దరు చిన్నపిల్లలు దిక్కులేని వాళ్లయితే, వాళ్ల కోసం ఈ నియమాన్నీ సడలించారు. కాకులను తోలగలిగే వయసుంటే చాలట. కాలేజీ గ్రూపు గురించి మీ ఇంట్లో జరిగే చర్చకీ ఉపాలి ఇంటి చర్చకీ మధ్య తేడా ఎంతో మీరే చూసుకోండి. రెండుచోట్లా పిల్లవాడు పక్క గదిలోనే ఉంటాడు.

సరే, రాహులుడి దగ్గరికి వద్దాం. సామణేరుడి రోజు ఎలా గడిచేదో వినయ నియమాలు చూస్తే తెలుస్తుంది. చీకటితో లేవాలి. గురువుకి పళ్లు తోముకునే పుల్ల, ముఖం కడుక్కునే నీళ్లు అందించాలి. ఆసనం వేయాలి, గంజి ఉంటే గిన్నె కడిగి పోసివ్వాలి. గది ఊడ్చేటప్పుడు ముందు బూజు దులపాలి. భిక్షాపాత్రని మంచం కింద పెట్టేముందు చేత్తో తడిమి చూసుకోవాలి, లేకపోతే దేనికో తగిలి పగులుతుంది. చీవరం, అంటే పై వస్త్రం, మడతపెట్టేటప్పుడు అంచులు సమానంగా కలపకూడదు, నాలుగు వేళ్లు జరపాలి. రోజూ ఒకేచోట మడత పడితే బట్ట నడిమికి చిరుగుతుంది. భోజనం మధ్యాహ్నం లోపే, ఆ తర్వాత మర్నాటి దాకా ఏమీ తినకూడదు. దండలు, అత్తర్లు, ఎత్తైన పడకలు, డబ్బు ముట్టుకోవడం కుదరవు.

ఈ జీవితం రాహులుడికి భారంగా ఉండేదని ఎక్కడా రాయలేదు. ఉదయాన్నే లేచి గుప్పెడు ఇసుక తీసుకుని, ఈరోజు నాకు ఇన్ని విషయాలు నేర్పేవాళ్లు దొరకాలి అనుకునేవాడట. నేర్చుకోవాలనే ఆశలో తన శిష్యులందరిలో మొదటివాడు రాహులుడేనని బుద్ధుడు చెప్పాడు.

అలాగని బుద్ధిమంతుడి బొమ్మ కాదు. నాగార్జునుడి పేరు మీద చైనా భాషలో నిలిచిన ఒక పెద్ద వ్యాఖ్యానం ప్రకారం, చిన్నప్పుడు అతనికి అబద్ధాలాడే సరదా ఉండేది. బుద్ధుడి కోసం ఎవరైనా వస్తే, లోపల ఉన్నా లేరని చెప్పి పంపేసేవాడట. పాళీ సుత్తంలో ఈ అల్లరి సంగతి లేదు, కానీ పాఠం మాత్రం ఉంది. ఒక సాయంత్రం బుద్ధుడు రాజగృహం దగ్గరి అంబలట్ఠికకి వచ్చాడు. దూరం నుంచే చూసిన రాహులుడు ఆసనం వేసి, కాళ్లకి నీళ్లు పెట్టాడు. కాళ్లు కడుక్కుని, బుద్ధుడు చెంబులో కొంచెం నీళ్లు మిగిల్చాడు. తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని మనిషిలో మంచితనం ఇంతే ఉంటుందన్నాడు. ఆ నీళ్లు పారబోశాడు. చెంబు బోర్లించాడు. మళ్లీ తిప్పి ఖాళీ చెంబు చూపించాడు. ప్రతిసారీ అదే మాట. నవ్వులాటకి కూడా అబద్ధం వద్దన్నాడు. తర్వాత అద్దం దేనికని అడిగాడు, చూసుకోవడానికని పిల్లవాడు చెప్పాడు. ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక ఇది నన్ను గానీ ఇంకొకరిని గానీ బాధపెడుతుందా అని అలాగే చూసుకోమన్నాడు. జరిగిపోయిన తప్పు కనిపిస్తే గురువుకో తెలివైన తోటివాడికో చెప్పమన్నాడు. ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు అబద్ధమాడారనే ప్రశ్న ఈ సంభాషణలో ఎక్కడా రాదు, గమనించండి.

రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికిన అశోకుడి శాసనంలో, భిక్షువులూ గృహస్థులూ తరచుగా వినాల్సిన ఏడు పాఠాల జాబితా ఉంది. అబద్ధం గురించి రాహులుడికి చెప్పిన పాఠం అందులో ఒకటి. చిన్నపిల్లవాడికి చెంబుతో చెప్పిన సంగతిని ఒక చక్రవర్తి రాతి మీద చెక్కించాడన్నమాట.

ఇంకో సంఘటన కౌశాంబిలో జరిగింది. పూర్తి దీక్ష లేనివాళ్లు భిక్షువుల గదుల్లో పడుకోకూడదని అప్పుడే నియమం వచ్చింది. నిన్నటిదాకా రాహులుడికి పక్క వేసి, తలగడకి బట్ట మడిచి ఇచ్చిన భిక్షువులే ఆ రాత్రి రూల్ ఒప్పుకోదు, వేరే చోటు చూసుకో అన్నారు. తండ్రి అక్కడే ఉన్నాడు. అయినా పిల్లవాడు ఎవరి తలుపూ తట్టలేదు. మరుగుదొడ్డిలోకి వెళ్లి పడుకున్నాడు. తెల్లవారుజామున బుద్ధుడు అటు వచ్చి దగ్గాడు. లోపలి నుంచి ఇంకో దగ్గు వినిపించింది. ఎవరని అడిగితే, నేను రాహులుణ్ణి అన్న జవాబు వచ్చింది. బుద్ధుడు ఆ ఉదయమే అందరినీ పిలిచాడు. రాహులుడు రాత్రి ఎక్కడ పడుకున్నాడో తెలుసా అని సారిపుత్తుణ్ణి అడిగాడని, సొంత శిష్యుణ్ణే ఇలా వదిలేస్తే మిగతా పిల్లల గతేమిటని మందలించాడని జాతక కథ. రెండు మూడు రాత్రులు గదిలో ఉండనివ్వవచ్చని, ఆలోగా పిల్లవాడికి చోటు చూడాలని నియమం మార్చాడు.

ఇదే కథలో, కొందరు భిక్షువులు రాహులుణ్ణి పరీక్షించడానికి దారిలో చీపురు పడేసి నేరం అతని మీద వేసేవారని, అతను నాకు తెలియదనైనా అనకుండా చీపురు తీసి సర్ది, క్షమించమనేవాడని ఉంది. దీన్ని వినయానికి ఉదాహరణగా చెబుతారు. నాకైతే ఇది పిల్లలకి చెప్పాలనిపించదు. చేయని తప్పుకి మాట్లాడకుండా ఉండే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, మెచ్చుకునే ముందు రాత్రి ఎక్కడ పడుకున్నాడో అడిగి చూడండి.

తల్లి సంగతి చెప్పలేదు కదూ. కొన్నేళ్లకి యశోధర కూడా భిక్షుణి అయింది. రాహులుడు ఆమెను చూడటానికి వెళ్లేవాడు. ఒకసారి వెళితే ఆమె కడుపులో వాయువు నొప్పితో పడుకుని ఉంది. ఇంట్లో ఉన్న రోజుల్లో ఈ నొప్పికి చక్కెర కలిపిన మామిడిరసం తాగితే తగ్గేదని, ఇప్పుడు భిక్ష ఎత్తుకునేవాళ్లకి అది ఎక్కడ దొరుకుతుందని అంది. పిల్లవాడు సారిపుత్తుడి ముందు మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆయన మర్నాడు కోసల రాజు ఇంటికి వెళ్లాడు. రాజు తన చేత్తో పళ్లు పిసికి రసం తీసి పాత్ర నింపాడు. రాహులుడు దాన్ని పట్టుకెళ్లి తల్లికి తాగించాడు.

పద్దెనిమిదేళ్లప్పుడు, భిక్షకు వెళుతున్న తండ్రి వెనక నడుస్తూ, తానూ ఆయనలాగే అందగాడినే అనుకున్నాడట రాహులుడు. టీనేజ్ పిల్లలున్న ఇళ్లలో అద్దం ముందు ఎంతసేపు గడుస్తుందో మీకు తెలుసు. బుద్ధుడు వెనక్కి తిరిగి, ఈ రూపం నాది కాదని చూడమన్నాడు. రాహులుడు ఆరోజు భిక్షకే వెళ్లలేదు, ఒక చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. సాయంత్రం తండ్రి దగ్గరికి వెళితే, భూమి మీద మంచిదీ చెడ్డదీ ఏది పోసినా అది అసహ్యించుకోదని, అలా ఉండటం అభ్యాసం చేయమని, ఆపైన శ్వాసను గమనించే పద్ధతి నేర్పాడు.

ఇరవై నిండాక పూర్తి దీక్ష తీసుకున్నాడు. శ్రావస్తి దగ్గరి అంధవనంలో తండ్రి వరుసగా అడిగిన ప్రశ్నలకి జవాబులు చెబుతూ అర్హతుడయ్యాడు. తండ్రి కంటే, గురువు కంటే ముందే కన్నుమూశాడని అట్టకథలు చెబుతాయి.

అజంతా 17వ గుహలో ఒక గోడ మీద బుద్ధుడు చాలా పెద్దగా భిక్షాపాత్రతో నిలబడి ఉంటాడు. ఎదురుగా చిన్నగా ఒక తల్లి, ఆమె ముందుకు నెడుతున్న బాబు. ఎప్పుడైనా ఔరంగాబాద్ వైపు వెళితే పిల్లలకి చూపించండి. క్రీ.శ. 5వ శతాబ్ది మొదట్లో చైనా నుంచి వచ్చిన ఫాహియాన్, మధుర ప్రాంతంలో తాను చూసినది రాసుకున్నాడు. అక్కడ భిక్షుణులు ఆనందుడికి పూజ చేసేవారు, ఆడవాళ్లని సంఘంలో చేర్చుకోమని బుద్ధుణ్ణి అడిగినవాడు ఆయనే కాబట్టి. చిన్నపిల్లలు, సామణేరులు మాత్రం ఎక్కువగా రాహులుడికి చేసేవారు.