గాజుతొట్టిలో సముద్రము: ఫిలిప్ హెన్రీ గాస్

1852వ సంవత్సరమున ఇంగ్లండులోని డెవన్ మండలములో, ఇల్ఫ్రకూంబ్ పట్టణము చెంత, పోటు తీసినవేళ రాళ్లసందులను వెదకుచున్న ప్రకృతిశాస్త్రజ్ఞునకు ఎఱ్ఱని దేహమును, బంగారువన్నె బాహువులును గల చిన్న పగడపుజీవి కనబడెను. రాజోచితమను నర్థము వచ్చునట్లు ఆతడు దానికి పెట్టిన లాటిన్ నామము నేటికిని నిలిచియున్నది. ఆతడే ఫిలిప్ హెన్రీ గాస్.

గాస్ 1810 ఏప్రిల్ 6వ తేదీన వూస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి ఊరూర తిరుగుచు చిన్న రూపచిత్రములు వ్రాసి జీవించిన చిత్రకారుడు. కుమారునకు దక్కిన ఆస్తి ఆ కుంచెయే యనవచ్చును. పదునేడవ యేట న్యూఫౌండ్లాండులో గుమాస్తా, పిమ్మట కెనడాలో సేద్యగాడు, అలబామాలో బడిపంతులు, జమైకాలో పక్షుల సేకరణకర్త. ఇన్ని వృత్తులు చేసి, లండనులో ఆరోగ్యము చెడి, సముద్రతీరమునకు చేరెను.

తీరమున కన్నుల పండువైన ప్రాణి ఇంటికి తెచ్చినంతనే వన్నె తఱిగి, నీరు కంపుగొట్టి, నశించుచుండెడిది. ప్రాణులు నీటిలోని ఆమ్లజనిని పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. పచ్చని నాచు వెలుతురులో ఆ వాయువును గ్రహించి ఆమ్లజని నిచ్చును. హైడ్రిల్లా మొక్కపై గరాటు బోర్లించి బుడగలు చూపు ఉపాధ్యాయుల కిది క్రొత్త కాదు. మంచినీటి తొట్టిలో ఈ సమతను రసాయనజ్ఞుడు వారింగ్టన్ 1850లో నిరూపించియుండెను. గాస్ దానిని సముద్రజలమునకు వర్తింపజేసెను. 1853లో లండను జంతుశాలయందు తెఱచిన మత్స్యగృహమునకు జీవులను సమకూర్చెను. మఱుసటి యేట వెలువడిన ఆతని గ్రంథముతో అక్వేరియం అను మాట ఇంటింటి మాటయయ్యెను.

సముద్రమునకు దూరముననున్నవా రేమి చేయవలెను? గాస్ నీటినే కల్పించెను. నాలుగున్నర లీటర్లకు లోపు నీటిలో మూడున్నర ఔన్సుల ఉప్పు, పావు ఔన్సు భేదిఉప్పు, 200 గ్రెయినుల మెగ్నీషియం క్లోరైడు, 40 గ్రెయినుల పొటాషియం క్లోరైడు కలిపెను. సున్నపు లవణములను మాత్రము విడిచెను. కఠినజలమున నవి వలసినంత యుండునని ఆతని తలంపు. నాచునకును మెత్తని జీవులకును ఇది చాలియుండవచ్చును. పగడపుజీవి యట్లు కాదు. నీటిలోని సున్నమును, బైకార్బనేటును గ్రహించి తన ఱాతిగూటిని కట్టుకొనును. సముద్రజలమున లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియముండును. నేడు పగడములు పెంచువారు దానిని, క్షారగుణమును, మెగ్నీషియమును తఱచుగా కొలుచుచుందురు. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు హెచ్చినచో ఉష్ణమండల పగడముల దేహములోని సూక్ష్మమైన నాచు విస్తరించి, రంగులను గోధుమవన్నె క్రమ్మును. గాస్ కనుగొన్న పగడమున కట్టి నాచు లేదు. దాని ఎఱుపు దాని సొంతము.

1857లో భార్య ఎమిలీ కేన్సరుతో మరణించెను. సృష్టివాదమును సమర్థించుచు ఆ యేటనే ప్రకటించిన గ్రంథము పరిహాసము పాలయ్యెను. అయినను 1858–60 నడుమ బ్రిటిష్ పగడముల చరిత్రను స్వహస్తముతో వర్ణచిత్రములు వ్రాసి వెలువరించెను.

ఆ చిత్రములను చూచి మురిసినవారు బుట్టలు, ఉలులు చేతబట్టి తీరమున కెగబడిరి. యుగములుగా నెవరును తాకని రాతిగుంటలు కొలది యేండ్లలో బోసిపోయెను. గాస్ 1888 ఆగస్టు 23న సెయింట్ మేరీచర్చ్‌లో మరణించెను. ఆ వినాశమునకు తన గ్రంథములే కారణమైనవని తండ్రి గ్రహించి మిక్కిలి పరితపించెనని కుమారుడు ఎడ్మండ్ 1907లో వ్రాసెను.