గాలిలో అపరిచితుని కనుగొన్న సర్ విలియం రామ్సే

ఆవర్తన పట్టికలో కుడివైపు చిట్టచివర ఉన్న నిలువు వరుసను మనమందరమూ పరీక్షల కొరకు కంఠస్థం చేసినవారమే. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జీనాన్. దేనితోనూ సులభంగా కలియని సోమరులని వాటికి పేరు. ఈ అయిదింటి ఆవిష్కరణలోనూ ఒకే శాస్త్రజ్ఞుని హస్తమున్నదనీ, వాటిలో గాలిలో మిక్కిలి అరుదైన జీనాన్ నేడు మానవుని ఊపిరితిత్తుల లోపలి స్థితిని వైద్యునికి చూపుతున్నదనీ ఎరిగినవారు కొద్దిమందే. ఆ శాస్త్రజ్ఞుడు సర్ విలియం రామ్సే.

రామ్సే 1852 అక్టోబరు 2న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో 1872లో డాక్టరేటు పొంది, కొంతకాలం బ్రిస్టల్‌లో పనిచేసి, 1887లో లండన్ యూనివర్సిటీ కాలేజిలో ఆచార్యులైనారు. గాజును కరగించి, ఊది, తనకు కావలసిన పరికరాలను తానే చేసుకొనగల నేర్పరి. చిన్న బుడగంత వాయువును కూడా జారిపోనీయక పరీక్షించవలసి వచ్చినప్పుడు ఈ చేతిపనితనమే ఆయనను ఆదుకొన్నది.

ఆ రోజులలో లార్డ్ రేలీ అనే భౌతికశాస్త్రజ్ఞుడు నత్రజనిని తూచుతూ ఒక చిక్కులో పడినారు. గాలి నుండి తీసిన నత్రజని లీటరు ఒకటికి సుమారు 1.257 గ్రాములు తూగగా, రసాయన పదార్థాల నుండి తయారుచేసినది 1.250 గ్రాములే తూగినది. భేదం నూటికి అర పాలు మాత్రమే. త్రాసుదే లోపమని మనవంటివారము తోసివేసి ఉందుము. రామ్సే తోసివేయలేదు. 1894లో గాలి నుండి తీసిన నత్రజనిని ఎర్రగా కాలిన మెగ్నీషియంపై మరల మరల నడిపించి, నత్రజని అంతా హరించిన పిదప మిగిలిన కొద్దిపాటి వాయువును వర్ణపటదర్శినితో పరీక్షించగా, ఎవరూ ఎరుగని రేఖలు కనిపించినవి. అదే ఆర్గాన్. ఆ ఆవిష్కరణను ఆ ఇరువురూ కలిసి ప్రకటించారు. నిజానికి 1785లోనే కావెండిష్ ఇటువంటి ప్రయోగం చేసి, ఎంతకూ తరుగని చిన్న బుడగ ఒకటి మిగిలినదని వ్రాసిపెట్టినాడు. నూరేండ్లకు పైగా ఆ బుడగను పట్టించుకొన్నవారు లేరు.

మరుసటి సంవత్సరం హీలియం దొరికినది. దీని కథ మన గుంటూరును తాకుతూ పోవును. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి పరిశీలించాడు. ఆనాటి పరిశీలకులకు సూర్యుని అంచు జ్వాలలలో ఒక పసుపురేఖ కనిపించినది. అది భూమిపై ఎరిగిన ఏ మూలకానిదీ కాదని ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. 1895లో రామ్సే క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంతో కలుపగా వెలువడిన వాయువులో ఆ పసుపురేఖయే కనిపించినది. సూర్యునిది మాత్రమే అనుకొన్నది భూమిమీద కూడా ఉన్నదని తేలినది.

1898లో రామ్సే, ఆయన సహచరుడు మోరిస్ ట్రావర్స్ ద్రవరూపంలోని గాలిని మెల్లగా ఆవిరిచేస్తూ మే, జూలై మాసాల మధ్య మూడు కొత్త వాయువులను వేరుచేశారు. అవి క్రిప్టాన్, నియాన్, జీనాన్. చివరిదానికి పెట్టిన పేరుకు గ్రీకు భాషలో అపరిచితుడని అర్థం. 1904లో రామ్సేకు రసాయనశాస్త్రంలోనూ, రేలీకి భౌతికశాస్త్రంలోనూ నోబెల్ బహుమానాలు లభించినవి.

రామ్సే మన దేశానికి కూడా వచ్చారు. జంషెట్జీ టాటా తలపెట్టిన పరిశోధన సంస్థకు తగిన స్థలాన్ని సూచించుటకు 1900-01 శీతకాలంలో దేశమంతా పర్యటించి బెంగుళూరును ఎన్నిక చేశారు. నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అదే. దానికి మొదటి డైరెక్టరు జీనాన్‌ను చూచిన ట్రావర్సే! 1916 జూలై 23న రామ్సే నాసికా క్యాన్సరుతో మరణించారు.

ఇక ఊపిరితిత్తుల విషయం. ఎం.ఆర్.ఐ. యంత్రం శరీరంలోని నీటిలో ఉండే ఉదజని కేంద్రకాల సంకేతాలతో చిత్రాన్ని కూర్చును. మెదడు స్పష్టంగా కనిపించును. ఊపిరితిత్తులు గాలి నిండిన సంచులు; వాటిలో కండ పలుచన. గాలీ కండా ఆనుకొనే అసంఖ్యాకమైన సరిహద్దుల వద్ద అయస్కాంత క్షేత్రం చెదరి, ఉన్న కొద్ది సంకేతమూ కనురెప్పపాటులోపే అణగిపోవును. పైగా గుండె, శ్వాసల కదలిక. కనుక ఆ చోట నల్లని ఖాళీయే మిగిలేది. అణగిపోకముందే సంకేతాన్ని అందుకొనే పద్ధతులను కొందరు కనిపెట్టగా, మరికొందరు రోగి పీల్చే వాయువు చేతనే సంకేతమిప్పించారు. సహజ జీనాన్‌లో నాలుగవ వంతుకు పైగా ఉండే జీనాన్-129కు రేడియోధార్మికత లేదు. లేజరు కాంతి, రుబీడియం ఆవిరుల సాయంతో దాని కేంద్రకాలను ఒకే దిశకు మళ్లించినచో సంకేతం లక్ష రెట్ల వరకు బలపడును. 1994లో అమెరికాలో ఎలుక ఊపిరితిత్తులలో ఇది తొలిసారి ఫలించినది. రోగి ఆ వాయువును పీల్చి కొన్ని సెకండ్లు బిగబట్టితే చాలును. దేనితోనూ కలియని ఈ సోమరి పలుచని పొరలోనూ, ఎర్ర రక్తకణాలలోనూ కరుగును. కరిగిన ప్రతి చోటా సంకేతపు పౌనఃపున్యం మారును. కాబట్టి గాలి ఎక్కడికి చేరినదో మాత్రమే గాక, రక్తంలోకి దాటినదో లేదో కూడా తెలియును. ఆ యంత్రంలోని మహా అయస్కాంతాన్ని చల్లబరిచేది కూడా సాధారణంగా ద్రవ హీలియమే.

కోవిడ్ తగ్గిన పిదప నెలల తరబడి ఆయాసపడే వారిలో కొందరికి సి.టి. చిత్రం బాగుగానే ఉండేది. చిత్రం బాగున్నప్పుడు రోగి మాటను నమ్మేవారెవరు? అటువంటి వారిలో వాయువు రక్తంలోకి సరిగా దాటడం లేదని ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ పరిశోధకులు జీనాన్‌తో చూపించారు. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఊపిరితిత్తులలో గాలి ప్రసారాన్ని చిత్రించుటకు ఈ వాయువును అనుమతించినది. అయినను ఇది ప్రతి ఆసుపత్రికి అందునది కాదు. బలపరచిన వాయువు శక్తి త్వరలో తరిగిపోవును గనుక వాడే ముందే సిద్ధం చేయాలి. యంత్రానికి వేరు పరికరాలు అమర్చాలి. జీనాన్ కూడా చవక కాదు. ఒక్క లీటరు జీనాన్ కావలెనన్నచో కోటి లీటర్లకు మించిన గాలిని వడగట్టవలెను.