తొండమాను చక్రవర్తి

శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు అనే ఊరుంది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడేవరకు అది చిత్తూరు జిల్లాలోనిదే. ఆ ఊరు తొండమాను చక్రవర్తిదని అంటారు. ఆయన కథ మనకు చెప్పేది వేంకటాచల మాహాత్మ్యం. చరిత్ర పుస్తకాల్లో వెతికి లాభం లేదు.

నారాయణవనం ఏలిన ఆకాశరాజుకు ఆయన తమ్ముడు, పద్మావతీదేవికి చిన్నాయన. అన్న పోయాక రాజ్యం కోసం అన్న కొడుకు వసుదానుడితో యుద్ధానికి దిగాడు. శ్రీనివాసుడే రాజ్యం పంచి తగవు తీర్చాడు. స్వామి ఆజ్ఞ మీద కొండపైన గుడి కట్టించింది ఈయనేనని భక్తుల నమ్మకం. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

కూర్ముడనే బ్రాహ్మణుడు కాశీకి పోతూ గర్భిణి అయిన భార్యనూ, చిన్న కొడుకునూ రాజుకు అప్పగించాడు. రాజు వాళ్ళకు ఒక ఇల్లిచ్చి, ఆరు నెలలకు సరిపడా సామాను పెట్టించి, రాచపనుల్లో పడి మరిచిపోయాడు. బ్రాహ్మణుడు తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో ఎముకలే మిగిలాయి. రాజు భయపడి, వాళ్ళు కొండకు దర్శనానికి పోయారని అబద్ధమాడాడు. ఆ తర్వాత పరుగున పోయి స్వామి కాళ్ళ మీద పడ్డాడు. స్వామి తీర్థజలం చల్లి వాళ్ళను బ్రతికించాడు గానీ, ఇక మీదట రాజుతో నోరు విప్పి మాట్లాడనన్నాడట.

సర్కారు బియ్యం తిని చదువుకునే మాకు ఈ కథ చాలా దగ్గరగా అనిపిస్తుంది. సామాను ఇవ్వడంలో రాజు లోటు చేయలేదు. ఆ గుమ్మం దాకా పోయి, తిన్నారా అని ఒక్కసారి కూడా అడగలేదు. స్టాకు రిజిస్టరు రాసి ఉంటే లెక్క సరిగ్గానే ఉండేది! చనిపోయినవాళ్ళు లేచి రావడం మాలో కొందరు నమ్మలేదు. ఆ అబద్ధం మాత్రం అందరమూ నమ్మాం.

రాజు రోజూ బంగారు పూలతో పూజ చేసేవాడు. ఒకనాడు వాటి మీద మట్టిపూలు కనిపించాయి. అవి కురువ గ్రామంలో భీముడనే కుమ్మరి, కుండలు చేస్తూ చేతికంటిన మట్టితోనే చేసి స్వామికి పెట్టుకున్నవి. సంగతి తెలిసి చక్రవర్తి తానే ఆ కుమ్మరి ఇంటికి నడిచాడు. ఆ పని మాకు నచ్చింది. తిరుమలలో నేటికీ కులశేఖరపడి దాటి లోపలికి పోయే నైవేద్యం మట్టి ఓటికుండలో పెట్టిన పెరుగన్నమే. అది ఆ కుమ్మరి గుర్తని పెద్దలు చెబుతారు.

ముసలితనంలో రాజు కొండ ఎక్కలేకపోతే స్వామే ఆయన ఊరికి వచ్చాడట. తొండమనాడు గుడిలో ప్రసన్న వేంకటేశ్వరుడు దేవేరులతో కూర్చుని ఉంటాడు. శాసనాలకెక్కిన ఆదిత్య చోళుడు 907లో చనిపోయిందీ ఈ ఊళ్ళోనే. తండ్రి జ్ఞాపకంగా పరాంతకుడు కట్టించిన శివాలయం ఆ దగ్గరే బొక్కసంపాలెంలో ఉంది. పోయినవాళ్ళు రెండూ చూసి రావచ్చు.