హెక్సాం వంతెన కూలిన తరువాత

ఇంజనీర్ల సంఘములు తమ సభ్యులకొరకు నీతినియమావళి వ్రాసికొనుట చాల పాత ఆచారమేమియు కాదు. అమెరికాలో విద్యుచ్ఛక్తి ఇంజనీర్ల సంఘము 1912లోను, సివిల్ ఇంజనీర్ల సంఘము 1914లోను అట్టి నియమములను అంగీకరించినవి. అంతకు నూటయేబది సంవత్సరములకు పూర్వము ఇంగ్లండులో అట్టి నియమావళి లేదు. దానిని అమలుపరుపదగిన సంఘమును లేదు. ఇంజనీరు అను మాటకే ఇప్పటి అర్థము లేదు. వంతెన కట్టువాడు తాపీమేస్త్రి. పిండిమర నిర్మించువాడు వడ్రంగి. కోటలు కట్టి ఫిరంగులు నిలుపు సైనికోద్యోగి మాత్రమే ఇంజనీరు. ఆ కాలమున తన పేరు క్రింద సివిల్ ఇంజనీరు అని వ్రాసికొన్న మొదటివాడుగా జాన్ స్మీటన్‌ను చెప్పుదురు. ఆ కొత్త మాటకు అతడు ఎట్టి అర్థమును కల్పించెనో అతని నడవడిలో చూడవలసియున్నది.

స్మీటన్ 1724 జూన్ 8వ తేదీన లీడ్సు నగరమునకు సమీపమున ఆస్థార్ప్ అను చోట జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడును తనవలెనే న్యాయవాది కావలెనని తలచి లండనుకు పంపెను. కాని బాల్యమునుండియు ఆ పిల్లవాని చేతులు ఉలిని, ఆకురాయిని వెదకుచుండెడివి. కొంతకాలమునకు న్యాయశాస్త్రమును విడిచి, దిక్సూచులు మొదలగు శాస్త్రపరికరములు చేయుపనిలో స్థిరపడెను. తండ్రి అందుకు అడ్డురాలేదు. 1753లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ఆ రోజులలో అతడు చేసిన ఒక పరిశోధన అతని స్వభావమును బాగుగ తెలుపును. నీటిచక్రములు ఏ విధముగ అమర్చిన ఎక్కువ శక్తి నిచ్చునని తెలిసికొనుటకు అతడు చిన్న నమూనాలు చేసి 1752, 1753 సంవత్సరములలో కొలతలు తీసెను. నీరు పైనుండి పడి త్రిప్పు చక్రము, క్రిందినుండి ప్రవాహము తోసి త్రిప్పు చక్రముకంటె సుమారు రెండురెట్లు పని చేయునని తేలెను. ఈ ఫలితమును వెంటనే ప్రకటించినచో కీర్తి వచ్చియుండెడిది. అతడు ప్రకటింపలేదు. నమూనాలో నిజమైనది నిజమైన మరలోకూడ నిజమగునో కాదో చూడవలెనని ఆగి, మరలు కట్టించి, పరీక్షించి, 1759లోగాని ఆ వ్యాసమును రాయల్ సొసైటీకి సమర్పింపలేదు. దానికే కాప్లీ పతకము లభించెను. ఆరేడు సంవత్సరములు మాట దాచుకొనుట పండితులకు సులభమైన పని కాదు.

ఇంతలో ప్లిమత్ రేవునకు 14 మైళ్ల దూరమున సముద్రమధ్యమునగల ఎడిస్టన్ రాతిగుట్టపై దీపస్తంభము కాలిపోయెను. ఆ గుట్ట నావికులకు మృత్యుస్థానము. అక్కడ మొదటి స్తంభమును కట్టిన విన్‌స్టాన్లీ 1703 నాటి తుపానులో తన స్తంభముతోపాటు సముద్రములో కలిసిపోయెను. రుడియర్డ్ అను పట్టువర్తకుడు ముఖ్యముగ కొయ్యతో కట్టించిన రెండవది దాదాపు అర్ధశతాబ్దము నిలిచి 1755 డిసెంబరులో దగ్ధమయ్యెను. హక్కుదారులు తగిన మనిషికొరకు రాయల్ సొసైటీ అధ్యక్షుని అడుగగా, ఆయన స్మీటన్ పేరు చెప్పెను. అప్పటికి స్మీటన్ చెప్పుకోదగిన కట్టడము నొక్కటియు కట్టియుండలేదు.

ఆ గుట్టపై కొయ్యయే నిలుచునని అనుభవజ్ఞుల అభిప్రాయము. కొయ్యపనికి ఖర్చును తక్కువ. కొత్తగా పని దొరికినవాడు యజమానికి నచ్చిన మాట చెప్పుట లోకసహజము. స్మీటన్ మాత్రము రాతితోనే కట్టవలెననియు, ఖర్చు ఎక్కువైనను చిరకాలము నిలుచుననియు స్పష్టముగ చెప్పి యజమానులను ఒప్పించెను. పెట్టె మూలలలో వడ్రంగి పలకలకు గాట్లు కోసి ఒకదానిలో నొకటి బిగించునట్లు, సుమారు 1500 రాళ్లను చెక్కించి ఒండొంటితో పెనవేయించెను. సముద్రపు నీటిలో గట్టిపడు సున్నముకొరకు అనేక ప్రాంతముల సున్నపురాళ్లను తెప్పించి ఆమ్లములో కరగించి చూచెను. కరగక అడుగున బంకమన్ను మిగిలిన రాయియే నీటిలో గట్టిపడు సున్నము నిచ్చునని కనుగొనెను. అంతవరకు గట్టిరాయియే గట్టి సున్నము నిచ్చునని అందరును నమ్మియుండిరి. వేల్సు దేశపు అబర్‌థా సున్నమును, ఇటలీనుండి వచ్చిన పొజ్జొలానా అను అగ్నిపర్వతపు మట్టిని సమపాళ్లలో కలిపి అడుసు చేయించెను. తరువాతి శతాబ్దమున సిమెంటు కనుగొన్నవారికి ఈ పరిశోధనయే దారిచూపెను.

పనివారివిషయమున అతని శ్రద్ధ అంతకంటె చెప్పుకోదగినది. కూలీలను రెండు జట్లుగ విభజించి, ఒక వారము ఒక జట్టు గుట్టపైనను, మరియొక జట్టు ఒడ్డుననుండునట్లు ఏర్పరచెను. గుట్టపై పనిచేసిన గంటలకు అదనపు కూలి ఇప్పించెను. నౌకాదళమునకై దారినపోవువారిని బలవంతముగ పట్టుకొనిపోవు కాలమది; తన మనుష్యులను ఎవరును పట్టుకొనకుండ గుర్తుగ వెండిబిళ్లలు చేయించి యిచ్చుటకు ఏర్పాటు జరిగెను. ప్రమాదకరమైన పని వచ్చినపుడు తానే ముందునిలిచెడివాడు. ఒకమారు చీకటిలో జారి రాళ్లపై పడగా బొటనవ్రేలు కీలు తప్పెను. దగ్గర వైద్యుడు లేనందున తానే దానిని లాగి సరిచేసికొని పనిలోనికి పోయెనట. 1757 జూన్‌లో మొదటి రాయి పడెను. 1759 అక్టోబరు 16న దీపము వెలిగెను.

ఆ పనిని కనిపెట్టి చూచినవారిలో జోసియస్ జెస్సప్ ఒకడు. కొలదికాలమునకే అతడు మరణించెను. అతని కుమారుడు విలియంను స్మీటన్ తన యింట ఉంచుకొని విద్య నేర్పెను. ఆ బాలుడే తరువాత కాలువల నిర్మాణమున ఇంగ్లండులో అగ్రగణ్యుడైన విలియం జెస్సప్.

దీపస్తంభముతో స్మీటన్ పేరు దేశమంతట వ్యాపించెను. 1761లో లండను వంతెనకు అపాయము కలిగెను. పడవల సౌకర్యమునకై నడుమ స్తంభము నొకదానిని తొలగించి పెద్ద కమాను కట్టగా, ప్రవాహమంతయు అటు త్రిప్పుకొని ప్రక్క స్తంభముల పునాదులను కోయుచుండెను. జనులు వంతెన ఎక్కుటకే భయపడిరి. స్మీటన్‌ను యార్క్‌షైరునుండి రప్పించిరి. అతడు నీటిలోతు కొలిపించి, అప్పుడే పడగొట్టి అమ్మివేసిన నగరద్వారముల రాళ్లను తిరిగి కొని ఆ స్తంభముల చుట్టును పడవేయుడని సలహా యిచ్చెను. అట్లు చేయగా వంతెన నిలిచెను. నది వంతెనను పైనుండి కొట్టదు, క్రిందినుండి త్రవ్వును అను సంగతి అతనికి తెలిసినట్లు ఆ కాలమున మరెవ్వరికిని తెలియదనుట అతిశయోక్తి కాదు. ముందు జరుగబోవు కథకు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

స్కాట్లండులో కోల్డ్‌స్ట్రీం, పెర్తు వంతెనలు, ఫోర్తు-క్లైడు కాలువ, రేవులు, మరలు, ఆవిరియంత్రములు మొదలుగా అతడు చేసిన పనులను పేర్కొన్నచో పుటలు నిండును. రష్యా చక్రవర్తిని కాథరిన్ గొప్ప జీతముతో పిలిపింపజూచెననియు, అతడు అంగీకరింపలేదనియు అతని చరిత్రకారులు వ్రాసిరి. పనికి సంబంధించిన బాధ్యతలు విడివిడిగ నుండవలెనని అతని పద్ధతి. పథకము వేసి నివేదిక వ్రాసి సంతకము చేయువాడొకడు, స్థలమున నిత్యముండి చూచు ఇంజనీరొకడు, కూలికి పనిచేయించు కంట్రాక్టరొకడు. ఈనాడు ఏ ఆనకట్టవద్ద చూచినను కనబడు ఏర్పాటు ఇంచుమించుగ ఇదియే.

1771 మార్చిలో లండనులోని హోబర్న్ వీధిలో ఒక భోజనశాలయందు కొందరు కూడి ఇంజనీర్ల సంఘమును స్థాపించిరి. వారిలో స్మీటన్ ముఖ్యుడు. పార్లమెంటు సంఘములయెదుట ఒకరిపై నొకరు సాక్ష్యము చెప్పవలసి వచ్చు ఈ వృత్తివారు, బయట మిత్రులుగ కలిసికొనుటకు చోటు కావలెనని వారి తలంపు. నియమావళి ఏదియు వ్రాసికొనలేదు. భోజనము, సంభాషణ, అంతే.

ఆ సంవత్సరము నవంబరులోనే ఉత్తర ఇంగ్లండున టైన్ నదికి మహావరద వచ్చి, దానిపై వంతెనలు దాదాపు అన్నియు కొట్టుకొనిపోయినవి. హెక్సాం పట్టణమువద్ద కట్టి ఎంతోకాలము కాని వంతెనయు అందులో పోయెను. మరల కట్టుటకు పూనుకొన్న ఒక ఇంజనీరు, నదిగర్భము వదులుగ నున్నదని చూచి పనిని మానుకొనెను. అప్పుడు ఎరింగ్టన్ అను భూస్వామి, వంతెన కట్టించి కొన్ని సంవత్సరములవరకు నిలుచునని హామీయిచ్చి, స్మీటన్‌ను ఆశ్రయించెను. తొమ్మిది కమానుల వంతెనకు స్మీటన్ పథకము వేసెను. స్థలమున జొనాథన్ పికర్నెల్ అను ఇంజనీరు పని చూచెను. 1780లో అది పూర్తియయ్యెను. నదిలో అందముగ నిలిచిన ఆ వంతెనను చూచి అందరును మెచ్చిరి.

1782 మార్చిలో మంచుతో కూడిన పెనుగాలి వీచి, నది ఒక్క రాత్రిలో పొంగెను. వంతెనకు ఎగువను నీరు ఎత్తుగ నిలిచి, కమానులక్రింద మహావేగముతో దూకి, పునాదులక్రింది గులకరాళ్లమేటను కోసివేసెను. కొద్దిసేపటిలో వంతెన నేలమట్టమయ్యెను. లండను వంతెనను ఏ శత్రువునుండి అతడు కాపాడెనో ఆ శత్రువే ఇరువదియొక్క సంవత్సరములకు అతని సొంత వంతెనను కూల్చెను.

అప్పటికి స్మీటన్ వయస్సు ఏబదియేడు. ముప్పదియేండ్ల కీర్తి అతని వెనుకనుండెను. తప్పించుకొను దారులు లేకపోలేదు. అట్టి వరద ఎన్నడును రాలేదనవచ్చును. స్థలమున నున్న పికర్నెల్ సరిగ చూడలేదనవచ్చును. స్మీటన్ అట్లు చేయలేదు. పికర్నెల్‌కు వ్రాసిన లేఖలో తమ యిద్దరి గౌరవమును ఒక్కసారిగ మట్టిలో కలిసినదని చెప్పుకొనెను. స్మీటన్ కట్టినదేదియు పడలేదని యికమీదట ఎవరును చెప్పజాలరనియు, హెక్సాం వంతెన అందుకు సాక్షిగ నిలిచినదనియు తన చేతితో వ్రాసెను. పేరుగాంచినవాడు ఆ వాక్యమును వ్రాయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఇందులో అతనిని పూర్తిగ నిర్దోషిగ తలచుట న్యాయము కాదు. తనకు పూర్వుడు విడిచిన చోట తాను నిలుపగలనని నమ్మి అతడు సాహసించెను. ధననష్టమును అతనిపై బడలేదు. హామీ వ్రాసియిచ్చిన ఎరింగ్టన్ ఏండ్ల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చెను. పథకము వేసినవాని బాధ్యత ఎంతవరకు, ధనము పెట్టినవానిది ఎంతవరకు అను ప్రశ్నకు ఆనాడు సమాధానము చెప్పు శాసనము లేదు. తరువాత స్మీటన్ సంఘమునందే సభ్యుడైన రాబర్ట్ మిల్న్ పర్యవేక్షణను హెక్సాంలో వంతెన మరల లేచి, 1793లో పూర్తియయ్యెను. అది నేటికిని నిలిచియున్నది.

చివరి సంవత్సరములలో స్మీటన్ పనులు తగ్గించుకొని తన అనుభవములను గ్రంథస్థము చేయుటకు పూనుకొనెను. ఎడిస్టన్ నిర్మాణచరిత్రను 1791లో ప్రకటించెను. అందు తన తప్పుటంచనాలను, ఆలస్యములను దాచలేదు. మిగిలిన గ్రంథములు వ్రాయుటకు కాలము చాలలేదు. 1792 సెప్టెంబరులో తన యింటి తోటలో నడుచుచుండగా పక్షవాతము వచ్చెను. అక్టోబరు 28న కన్నుమూసెను. విట్‌కర్క్ చర్చిలో కుమార్తెలు అతనికొక స్మారకశిల నుంచిరి. దానిపై ఎడిస్టన్ స్తంభము చెక్కబడియున్నది.

ఆ స్తంభము నూటయిరువదేండ్లకు పైగ సముద్రము నెదిరించెను. 1870 ప్రాంతమున పరీక్షింపగా స్తంభమునకు లోపము కనబడలేదు. క్రింది గుట్టయే కోసుకొనిపోవుచుండెను. 1882లో ప్రక్కన మరియొకటి వెలిగిన తరువాత దాని పైభాగమును విప్పి ప్లిమత్ ఒడ్డున మరల నిలిపిరి. మొండెము గుట్టపైననే యున్నది.

అతడు మరణించిన పిమ్మట, హోబర్న్ భోజనశాలలో ప్రారంభమైన ఆ సంఘమువారు అతని నివేదికలను చేరదీసి 1812లో మూడు సంపుటములుగ అచ్చువేసిరి. నిలిచిన వంతెనల పత్రములను మాత్రమే ఏరి ప్రకటించినను వారిని ప్రశ్నించువారు లేరు. అయినను కోల్డ్‌స్ట్రీం, పెర్తు వంతెనలతోపాటు, అదే అచ్చులో, హెక్సాం వంతెన పత్రములును అందు చేరినవి.